ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఎలక్టివ్‌లు ఏడున్నాయి, మూడే తీసుకోవాలి. ఏవి?

మూడోసెమ్_అయోమయం | ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఎంబీఏ రెండో ఏడాదిలోకి వచ్చాను. శుక్రవారంలోగా ఎలక్టివ్‌లు ఎంచుకుని పోర్టల్‌లో పెట్టేయాలి. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఇన్నొవేషన్ గుంపు కింద ఏడు ఇచ్చారు: బిజినెస్ ప్లాన్ తయారీ, కొత్త వెంచర్ ప్రాక్టికమ్ (టీమ్‌గా ఏదో ఒకటి మొదలుపెట్టి చూడాలట), ఎంటర్‌ప్రెన్యూరియల్ ఫైనాన్స్, ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్, డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ళ అవసరం నుంచి మొదలుపెట్టి పరిష్కారం వెతకడమట), మేధో సంపత్తి హక్కులు, సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్.

నా గొడవ ఏంటంటే, చదువవగానే నేను కంపెనీ పెట్టను. ముందు ఉద్యోగమే. మరి ఈ గుంపు నాకు పనికొస్తుందా, లేక బుద్ధిగా మార్కెటింగ్ వైపు వెళ్ళిపోవాలా? సీనియర్లను అడిగితే ఒకరు "ప్రాక్టికమ్ జోలికి పోకు, ప్రాణం తీస్తుంది" అన్నారు. ఇంకొకరు "అదొక్కటే తీసుకో, మిగతావన్నీ నిద్రకు బాగుంటాయి" అన్నారు. ఇద్దరూ ఒకే బ్యాచ్!

నిజంచెప్తా | ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, మార్కెటింగ్‌కి పో. వ్యాపారం క్లాసులో నేర్పితే వచ్చేది కాదు. ఊరికే అనట్లేదు, 2010లో ఊస్టర్‌బీక్, వాన్ ప్రాగ్, ఐసెల్‌స్టైన్ అని ముగ్గురు నెదర్లాండ్స్‌లో ఒక వృత్తివిద్యా కాలేజీలో పరిశీలించారు. విద్యార్థుల చేత చిన్న కంపెనీ నడిపించే కోర్సు అది. చివరికి తేలింది ఏమిటి? నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా కోర్సు తీసుకోనివాళ్ళతో పోలిస్తే సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గింది. అయ్యవారిని చేయబోతే కోతి అయిందన్నమాట.

మూడోసెమ్_అయోమయం | ఆదివారం, రాత్రి 10:11

తమ్ముడు కాదండీ, చెల్లెల్ని :) అయినా ఇది చదివాక ఇంకా అయోమయం పెరిగింది.

నిజంచెప్తా | ఆదివారం, రాత్రి 10:13

సారీ చెల్లెమ్మా. అభిప్రాయం మాత్రం మారలేదు.

బోధనలో_పన్నెండేళ్ళు | సోమవారం, ఉదయం 6:50

నేను ఈ గుంపులో రెండు కోర్సులు చెప్తాను కాబట్టి నా మాటకు కొంత పక్షపాతం ఉంటుందనుకునే చదవండి.

నిజంచెప్తా గారు చెప్పిన అధ్యయనం నిజమే. ఆయన వదిలేసిన ముక్క ఒకటుంది. కోరిక ఎందుకు తగ్గి ఉంటుందన్నదానికి, పిల్లలకు తమ గురించీ వ్యాపారానికి ఏం కావాలన్నదాని గురించీ భ్రమలు కొంత తొలగి ఉండవచ్చని ఆ రచయితలే రాశారు. నా దృష్టిలో అది ఓటమి కాదు. మూడు నెలల క్లాసులో "ఇది నాకు సరిపడదు" అని తెలుసుకోవడం, మూడేళ్ళ జీవితం పోసి తెలుసుకోవడం కంటే చవక.

ఇంకొకటి. "నేర్పితే వస్తుందా" అన్న ప్రశ్నే సరిగా లేదు, ఏది నేర్పితే అన్నది అడగాలి. 2020లో కముఫో అనే పరిశోధకుడి బృందం ఇటలీలో 116 స్టార్టప్‌లను రెండు గుంపులు చేసి ఇద్దరికీ శిక్షణ ఇచ్చింది. ఒక గుంపుకి మాత్రం అదనంగా, మీ ఆలోచనను ఊహగా రాసుకోండి, ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటారో ముందే రాసిపెట్టండి, అప్పుడే పరీక్షించండి అని నేర్పారు. ఆ గుంపే మెరుగ్గా చేసింది, పాత ఆలోచన వదిలి వేరేదానికి మారడం కూడా వాళ్ళలోనే ఎక్కువ. 2017లో టోగోలో 1500 మంది చిన్న వ్యాపారులతో చేసిన ప్రయోగం కూడా అలాంటిదే. మామూలు వ్యాపార శిక్షణ తీసుకున్నవాళ్ళ లాభాల్లో గణాంకపరంగా నిలబడే తేడా రాలేదు. చొరవ తీసుకోవడం, అడ్డంకి వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవడం నేర్చుకున్నవాళ్ళ లాభాలు సగటున 30 శాతం పెరిగాయి.

అందుకే మా పిల్లలకు చెప్పేది ఒకటే: కోర్సు పేరు చూడొద్దు, మార్కుల పట్టిక చూడండి. కోర్సు అవుట్‌లైన్‌లో చివరి పేజీలో ఉంటుంది, ఎవరూ అంత దూరం చదవరు. దేనికి మార్కులిస్తారో అదే ఆ కోర్సు. మిగతా పేజీలన్నీ మా ఫ్యాకల్టీ ఆశలు.

చివరిబెంచీ | సోమవారం, ఉదయం 8:20

మేడమ్ చివరి లైను ఫ్రేమ్ కట్టించుకోవాలి.

చెల్లీ, పోయిన ఏడాది ప్రాక్టికమ్ చేసినవాణ్ణి. ప్రాణం తీస్తుంది, నిజమే. మా కథ చెప్తా. హాస్టల్లో వాషింగ్ మెషిన్లు తక్కువ, జనం ఎక్కువ. మెషిన్ ఖాళీ అయితే ఫోన్‌కి కబురు పంపే యాప్ చేద్దామనుకున్నాం. మొదటి వారం నలభై మందిని పట్టుకుని "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని అడిగాం. నలభైకి నలభై మంది "సూపర్ రా, కచ్చితంగా" అన్నారు. మేం అప్పటికే లోగో రంగు గురించి కొట్టుకుంటున్నాం.

క్లాసులో మా మేడమ్ ఆ షీట్ చూసి ఒక్కటే అడిగారు: "వీళ్ళలో మీకు తెలియనివాళ్ళు ఎంతమంది?" ముగ్గురు. "మళ్ళీ వెళ్ళండి. యాప్ మాట ఎత్తొద్దు. పోయిన వారం బట్టలు ఎప్పుడు ఉతికారో అడగండి చాలు."

మళ్ళీ వెళ్ళాం. ఒకడు "ఆదివారం రాత్రి పదకొండింటికి, అప్పుడు ఎవరూ ఉండరు" అన్నాడు. ఇంకొకడు "తెల్లారి ఐదుకి". ఒకమ్మాయి "నేను చేత్తోనే ఉతుక్కుంటా, ఆ మెషిన్లో ముందు ఎవరి బూట్లు వేశారో ఎవరికి తెలుసు" అంది. అంటే ఖాళీ ఎప్పుడన్నది అందరూ ఎవరి పద్ధతిలో వాళ్ళు ఎప్పుడో తేల్చేసుకున్నారు. మా యాప్ ఎవరికీ అక్కర్లేదు. కానీ మేం అడక్కుండానే పదిమందికి పైగా ఒకే తిట్టు తిట్టారు: మన బట్టలు అవగానే తర్వాతివాడు తడి బట్టలు తీసి నేలమీద పడేసి పోతాడు. అసలు నొప్పి అక్కడుంది. చివరికి మేం చేసిన ప్రోటోటైప్ ఏంటో తెలుసా? మెషిన్ పక్కన ఒక్కో బుట్ట, బుట్టకో నంబరు, గోడకో పలక. యాప్ లేదు, లోగో లేదు. మూడు వారాలు నడిచింది. తర్వాత బుట్టలు ఎవరో ఎత్తుకుపోయారు, అది వేరే కథ.

మాకు వచ్చిన గ్రేడ్ బి ప్లస్. నేను ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఈ బుట్టల గురించే మాట్లాడాను.

మూడోసెమ్_అయోమయం | సోమవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, బుట్టల కథకి క్యాంటీన్లో పగలబడి నవ్వాను, అందరూ చూశారు.

మేడమ్, మీరు చెప్పినట్టు మార్కుల పట్టికలు తీశాను. బిజినెస్ ప్లాన్: రాతపూర్వక ప్లాన్ 60, పరీక్ష 25, హాజరు 15. ప్రాక్టికమ్: వారం వారం ఇంటర్వ్యూ నోట్లు 40, ఏం మార్చుకున్నారు, ఎందుకు మార్చుకున్నారు అన్నదానికి 30, టీమ్ సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకునేది 10, చివరి పిచ్ (ఆలోచనను అందరి ముందు చెప్పి ఒప్పించడం) 20. డిజైన్ థింకింగ్: వర్క్‌షాప్‌లో పాల్గొనడం 70. ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్: కేసులు (నిజం కంపెనీల కథల మీద చర్చ) 50, టర్మ్ పేపర్ 50. ఫైనాన్స్: లెక్కలు, లెక్కలు, ఇంకా లెక్కలు.

పిచ్‌కి 20 మాత్రమేనా అని ఆశ్చర్యమేసింది.

బోధనలో_పన్నెండేళ్ళు | సోమవారం, సాయంత్రం 5:30

ఆ ప్రాక్టికమ్‌ను ఎవరు తయారుచేశారో గానీ తెలిసినవాళ్ళే చేశారమ్మా. పిచ్‌కి 60 ఇచ్చే కోర్సులు చాలా చూశాను. అక్కడ పిల్లలు ఆరు వారాలు స్లైడ్ల మీదే కూర్చుంటారు, బయటికి వెళ్ళరు. అరచేతిలో వైకుంఠం చూపించడం నేర్చుకుని వెళ్ళిపోతారు.

ఈ తరహా కోర్సుకు మూలం స్టీవ్ బ్లాంక్ 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టింది. అదే ఏడాది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దాన్ని పరిశోధకుల కోసం తీసుకుంది. అక్కడ ఒక్కో టీమ్ ఏడు వారాల్లో వందమందితో మాట్లాడాలి. వంద అనగానే బెదిరిపోతారు గానీ, మొదటి ముప్పై మనం చెప్పాలనుకున్నది చెప్పేయడంలోనే ఖర్చవుతాయి. వినడం మొదలయ్యేది ఆ తర్వాతే.

పాతకాపు | సోమవారం, రాత్రి 11:02

ఆరేళ్ళ కింద ఇదే చౌరస్తాలో నిలబడ్డాను కాబట్టి రాస్తున్నా. నేను బిజినెస్ ప్లాన్ తీసుకున్నా. నలభై రెండు పేజీలు. అయిదో ఏడాది అమ్మకాలు ఎంతో దశాంశ స్థానాలతో సహా రాశాం. ఒక్క కస్టమర్ కూడా లేడప్పటికి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ ప్లాన్‌కి కాలేజీలో మొదటి బహుమతి కూడా వచ్చింది, అదే మా కొంప ముంచింది. బహుమతి వచ్చింది కదా అని నిజంగా పెట్టేశాం. పద్నాలుగు నెలలకు మూసేశాం.

అలాగని ప్లాన్ కోర్సును తిట్టి ఊరుకోను. ఈ చదువుకి పునాది వేసిన కాలం వేరు. హార్వర్డ్‌లో మైల్స్ మేస్ 1947లో కొత్త సంస్థల నిర్వహణ మీద తొలి కోర్సు పెడితే 188 మంది చేరారు. 1984లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో బిజినెస్ ప్లాన్ పోటీ మొదలై, తర్వాత ఊరూరా పాకింది. కస్టమర్ ఎవరో, ఖర్చెంతో ముందే తెలిసిన వ్యాపారానికి, బ్యాంకు దగ్గర అప్పుకి వెళ్ళేవాడికి ప్లాన్ కావాల్సిందే. ఎవరికి అమ్ముతామో తెలియనప్పుడు రాసే ప్లాన్ మాత్రం నవల.

మమ్మల్ని నిజంగా పడగొట్టింది ప్లాన్ కూడా కాదు. ముగ్గురం స్నేహితులం, వాటాలు మూడు సమాన భాగాలు చేసుకున్నాం. మాట్లాడుకోవడానికి పట్టిన టైమ్ అయిదు నిమిషాలు. నాలుగో నెలలో ఒకడికి మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. తప్పులేదు, నేనైనా వెళ్ళేవాణ్ణే. కానీ మూడోవంతు వాటా వాడి పేరు మీదే ఉండిపోయింది. తర్వాత మమ్మల్ని కలిసిన ప్రతి ఇన్వెస్టర్ మొదట అడిగింది ఆ పేరెవరిదని. వెస్టింగ్ అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ మీటింగ్‌లోనే. నాలుగేళ్ళలో వాటా కొంచెం కొంచెంగా సొంతమవుతుంది, మొదటి ఏడాది నిండకముందే వెళ్ళిపోతే ఏమీ రాదు. ఇంతే. ఒక్క పేరా ఒప్పందం. అది ఎంటర్‌ప్రెన్యూరియల్ ఫైనాన్స్ మూడో క్లాసులో చెప్తారని నాకు తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు.

చెల్లెమ్మా, ఫైనాన్స్ తీసుకో.

నిజంచెప్తా | సోమవారం, రాత్రి 11:20

ఇదే నేనూ చెప్పేది. అన్న అనుభవంతో నేర్చుకున్నాడు, క్లాసులో కాదు.

పాతకాపు | సోమవారం, రాత్రి 11:24

బాబూ, ఆ అనుభవం ఫీజు నువ్వు కడితే నీ మాటే ఒప్పుకుంటా.

లెక్కలబడి | మంగళవారం, ఉదయం 10:40

ఫైనాన్స్ మాట వచ్చింది కాబట్టి, మామూలు కార్పొరేట్ ఫైనాన్స్‌కీ దీనికీ తేడా ఒక లెక్కలో చూపిస్తా. అంకెలు పాళ్ళలో అనుకోండి.

ఇన్వెస్టర్ అంటాడు: పెట్టుబడికి ముందు మీ కంపెనీ విలువ 8, నేను 2 పెడతా. మొత్తం 10. ఆయనకు 20 శాతం, మీకు 80. చాలామంది ఇక్కడే చేతులు కలిపేస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంటుంది: ఉద్యోగులకు తర్వాత షేర్లు ఇవ్వడానికి పక్కన పెట్టే ఆప్షన్ పూల్ 10 శాతం, అదీ పెట్టుబడికి ముందున్న విలువలోంచే తీయాలి. అంటే ఆ పది శాతం మొత్తం మీ జేబులోంచే. మీకు మిగిలింది 70. పైకి 8 అన్నారు గానీ మీ వాటాలకు కట్టిన విలువ 7.

ఇప్పుడు కంపెనీని 6కి అమ్మేయాల్సి వచ్చిందనుకోండి. పూల్ సంగతి పక్కన పెట్టి 20, 80 అనుకుందాం. ఇన్వెస్టర్‌కి లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంటుంది, అంటే పెట్టిన 2 ముందు వెనక్కి తీసుకునే హక్కు. మామూలు రకమైతే ఆయన తన 2 తీసుకోవచ్చు, లేదా 20 శాతం వాటాగా 1.2 తీసుకోవచ్చు. 2 తీసుకుంటాడు, మీకు 4. అదే పార్టిసిపేటింగ్ రకమైతే ముందు 2 తీసుకుని, మిగిలిన 4లో కూడా 20 శాతం, అంటే 0.8, పట్టుకుపోతాడు. మొత్తం 2.8. మీకు 3.2. ఒప్పందంలో తేడా ఒక్క పదం.

ఈ కోర్సు తీసుకున్నవాళ్ళకు కంపెనీ పెట్టకపోయినా ఉపయోగమే. రేపు ఏ స్టార్టప్‌లోనో చేరితే జీతంతో పాటు ఆప్షన్లు ఇస్తామంటారు. "ఎన్ని షేర్లు" అని అడిగి సంబరపడేవాళ్ళే ఎక్కువ. మొత్తం ఎన్ని షేర్లలో అన్ని, ముందు వరసలో ఎంత ప్రిఫరెన్స్ ఉంది అని అడగడం ఇక్కడ నేర్పుతారు.

సమాన వాటాల గురించి పాతకాపు గారు చెప్పారు కదా. 2017లో హెల్మన్, వాసర్‌మన్ అనే పరిశోధకులు కొన్ని వందల స్టార్టప్‌లు తీసుకుని చూస్తే, సమానంగా పంచుకున్న టీమ్‌లకు తొలి విడత పెట్టుబడిలో కంపెనీకి కట్టిన విలువ (వాల్యుయేషన్) తక్కువగా ఉంది. సమానంగా పంచుకోవడం వల్లే అలా జరిగిందనడానికి లేదు. గట్టిగా బేరమాడడం ఇష్టంలేనివాళ్ళే చప్పున సమానంగా పంచేసుకుంటారు. తమలో తాము మాట్లాడుకోలేనివాళ్ళు ఇన్వెస్టర్‌తో ఏం మాట్లాడతారు?

ఆర్అండ్‌డీ_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:05

అందరూ స్టార్టప్ స్టార్టప్ అంటున్నారు, ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తానని మొదటి పోస్టులోనే చెప్పింది. నేను పెద్ద కంపెనీలో కొత్త ఉత్పత్తుల విభాగంలో ఉన్నా. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్ కంటే దగ్గరిది లేదు, చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్తే.

సరిగ్గా చెప్పడం అంటే ఏంటో ఫోటో ఫిల్మ్ కంపెనీ కొడాక్ కేసుతో తేలిపోతుంది. సాదాసీదా క్లాసులో "డిజిటల్‌ను చూసి కళ్ళు మూసుకుంది, 2012లో దివాలా తీసింది" అని చెప్పి బోర్డు తుడిచేస్తారు. జరిగింది అది కాదు. 1975లో డిజిటల్ కెమెరా చేసింది అక్కడి ఇంజనీరు స్టీవెన్ సాసనే. ఒక ఫోటో క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. ఆ తర్వాత కంపెనీ డిజిటల్‌లో డబ్బు పోసింది, పేటెంట్లు పట్టింది, 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానంలో కూడా ఉంది. కానీ లాభమంతా ఫిల్మ్‌లో, దాన్ని కడిగే రసాయనాల్లో, ప్రింట్లలో ఉండేది. కెమెరా అమ్మితే ఒకసారి వచ్చే సన్నటి లాభం తప్ప ఏమీ లేదు. తర్వాత ఫోన్లు వచ్చి ఆ కెమెరాను కూడా మింగేశాయి. టెక్నాలజీ కనిపించకపోవడం వేరు, కనిపించినా పాత లాభానికి సాటి వచ్చే దారి దొరక్కపోవడం వేరు. ఆఫీసులో నేను రోజూ చూసేది రెండోదే.

ఇంకో కేసు అడుగు, చెప్తున్నారో లేదో. ఈఎంఐ అనే బ్రిటిష్ కంపెనీ సీటీ స్కానర్. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టాడు, 1979లో నోబెల్ వచ్చింది. కంపెనీ మాత్రం కొన్నేళ్ళకే ఆ మార్కెట్‌లోంచి పోయింది. 1986లో డేవిడ్ టీస్ అనే ఆర్థికవేత్త దీన్ని పట్టుకుని విడమరిచాడు: కనిపెట్టినవాడికే లాభం దక్కాలని లేదు. ఆసుపత్రులకు అమ్మే మనుషులు, మెషిన్ ఆగిపోతే పరుగెత్తుకొచ్చే సర్వీసు, సిబ్బందికి శిక్షణ ఎవరి చేతిలో ఉన్నాయో లాభం వాళ్ళది. జనరల్ ఎలక్ట్రిక్‌కి అవన్నీ ఉన్నాయి. నేను ఏ కొత్త ప్రతిపాదన చదివినా ఇప్పటికీ మొదట వెతికేది ఇదే, పక్కన ఏం కావాలి, అది ఎవరి దగ్గర ఉంది అని.

డిజైన్ థింకింగ్ గురించి: రంగురంగుల స్టిక్కీ నోట్లు గోడనిండా అంటించి ఫోటో దిగడానికి మూడు క్రెడిట్లు ఎక్కువ. రెండు రోజుల వర్క్‌షాప్ ఎక్కడైనా దొరికితే చెయ్యి. (అన్నట్టు ఆ స్టిక్కీ నోట్లకే మంచి కథ ఉంది. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టిగా అంటుకోని జిగురు చేశాడు. ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. 1974లో ఆర్ట్ ఫ్రైకి పాటల పుస్తకంలో గుర్తు కాగితాలు జారిపోతుంటే అది గుర్తొచ్చింది. మార్కెట్‌లోకి సరిగ్గా వచ్చేసరికి 1980. పన్నెండేళ్ళు. పన్నెండు వారాల కోర్సులో ఇన్నొవేషన్ పూర్తి చేయమంటే ఎలా?)

చివరిబెంచీ | మంగళవారం, సాయంత్రం 4:10

అక్కా, స్టిక్కీ నోట్లను తిడుతూనే స్టిక్కీ నోట్ల కథ చెప్పారు.

ఆర్అండ్‌డీ_అక్క | మంగళవారం, సాయంత్రం 4:12

మరి నా టేబుల్ నిండా అవే.

నీలిసిరా | మంగళవారం, రాత్రి 8:35

పేటెంట్ల ఆఫీసు పనిలో ఉన్నా. పెద్దగా రాయను గానీ ప్రాక్టికమ్ తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. చివరి రోజు పిచ్ ఉంటుంది, బయటివాళ్ళను పిలుస్తారు, వీడియో తీసి కాలేజీ పేజీలో పెడతారు. మీ ప్రాజెక్టులో పేటెంట్‌కి తగిన సాంకేతిక అంశం ఏదైనా ఉంటే, దరఖాస్తు వేయకముందే అది లోకానికి చెప్పేసినట్టే. యూరప్‌లో అయితే పేటెంట్‌కి కావాల్సిన కొత్తదనం పోయినట్టే, అక్కడ తన సొంత ప్రకటన కూడా తనకే అడ్డొస్తుంది. అమెరికాలో దరఖాస్తు వేయడానికి సొంత ప్రకటన నుంచి ఏడాది గడువు ఉంటుంది. ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అందుకే ముందు దరఖాస్తు, తర్వాత పిచ్.

రెండోది, టీమ్‌లో చేసినదానికి సొంతదారు ఎవరు? మీరా, నలుగురా, కాలేజీయా? చేరే ముందు కాలేజీ నియమాల్లో చూడండి. సెమిస్టర్ అయ్యాక ఒకరు మాత్రమే కొనసాగిస్తామంటే గొడవ మొదలయ్యేది ఇక్కడే. మొదటి వారంలో నలుగురూ కూర్చుని అర పేజీ రాసుకుని సంతకాలు చేయండి.

మేధో సంపత్తి కోర్సు మొత్తం తీసుకోమని మాత్రం అనను. లా వైపు వాళ్ళ కోసం చేసిన సిలబస్ అయితే మీకు సగం అక్కర్లేదు. వీలైతే పరీక్ష లేకుండా కూర్చుని పేటెంట్లు, ట్రేడ్ సీక్రెట్ల భాగం వినండి.

నిజంచెప్తా | మంగళవారం, రాత్రి 9:50

సరే, ఇంకో ముక్క వేస్తా. అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన కంపెనీలను, ప్రతి వెయ్యిలో పై ఒక్కదాన్ని తీసుకుంటే, పెట్టిననాటికి వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45 అని అజూలే, జోన్స్, కిమ్, మిరాండా 2020లో లెక్కతీశారు. మరి పాతికేళ్ళవాళ్ళకు ఈ కోర్సులెందుకు? ఇరవై ఏళ్ళ ముందే పెళ్ళి బట్టలు కుట్టించుకున్నట్టు.

బోధనలో_పన్నెండేళ్ళు | బుధవారం, ఉదయం 6:35

మంచి ముక్కే వేశారు. కానీ అదే పరిశోధనలో ఇంకోటి ఉంది, అదే రంగంలో ముందు పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళకు విజయావకాశం చాలా ఎక్కువ. అంటే ఈ అమ్మాయి చెప్పిన దారే, ముందు ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఏం చూడాలో తెలియడం కోసం ఈ కోర్సు. కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో తెలిసినవాడు ఇరవై ఏళ్ళలో చూసేది వేరు, తెలియనివాడు చూసేది వేరు.

సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లో రాసినది కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆవిడ 27 మంది చేయితిరిగిన వ్యవస్థాపకులకు ఒకే ఊహా కంపెనీ సమస్యలు ఇచ్చి, ఆలోచించేదంతా పైకి మాట్లాడమన్నారు. వాళ్ళు మార్కెట్ సర్వే అంకెలను పెద్దగా నమ్మలేదు. "ఎంత వస్తుంది" అని కాకుండా "ఎంత పోయినా తట్టుకోగలను" అని మొదలుపెట్టారు. చేతిలో ఏముంది, నేనెవరు, నాకెవరు తెలుసు, అక్కణ్ణుంచి. ఇది ఇరవై ఏళ్ళకైనా నలభై అయిదేళ్ళకైనా అదే లెక్క. ఒక సెమిస్టర్‌కి తట్టుకోగల నష్టం ఏమిటి? ఒక బి గ్రేడ్, కొన్ని శనివారాలు.

నిజంచెప్తా | బుధవారం, ఉదయం 9:15

శనివారాలు అన్నారు కాబట్టి కొంచెం తగ్గాను. పూర్తిగా కాదు. టీమ్ గురించి ఎవరూ చెప్పట్లేదు. ప్రాక్టికమ్‌లో నలుగురిలో ఇద్దరు పనిచేస్తారు, నలుగురికీ అదే గ్రేడ్. నేను ఆ ఇద్దరిలో ఒకణ్ణి. నా కోపమంతా అక్కణ్ణుంచే వచ్చింది, ఇప్పుడు చెప్పేస్తున్నా.

చివరిబెంచీ | బుధవారం, ఉదయం 9:40

అన్నా, ఇది మొదటి రోజే చెప్పి ఉంటే సగం థ్రెడ్ మిగిలేది :)

చెల్లీ, అన్న చెప్పింది మాత్రం నిజం. స్నేహితుల్ని టీమ్‌లో పెట్టుకోకు. వేరే సెక్షన్ వాళ్ళని తీసుకో. తెలియనివాళ్ళకి ఫోన్ చేయడానికి జంకనివాడు ఒకడు తప్పనిసరి. మిగతావి నేర్చుకోవచ్చు, జంకు మాత్రం పన్నెండు వారాల్లో పోదు.

మూడోసెమ్_అయోమయం | గురువారం, రాత్రి 10:20

పెట్టేశాను. ప్రాక్టికమ్, ఫైనాన్స్, ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్. మేధో సంపత్తి క్లాసులో ఊరికే కూర్చుంటానని అడిగాను, సరే అన్నారు. సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ తీసుకోవాలని మనసులో ఉండేది, కానీ ఈ ఏడాది చెప్పేవాళ్ళు మారుతున్నారట, మార్కుల పట్టికే ఇంకా రాలేదు. పట్టిక లేని కోర్సుని మేడమ్ మాట విన్నాక ఎలా తీసుకుంటాను?

ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్ సార్‌ని ఈఎంఐ స్కానర్ కేసు ఉందా అని అడిగాను. "ఎక్కడ విన్నావమ్మా?" అన్నారు. ఉందట.

మూడోసెమ్_అయోమయం | నాలుగు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:45

అందరూ అడుగుతారని అప్‌డేట్. మా టీమ్ ఆలోచన: మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు మర్చిపోకుండా గుర్తుచేసే యాప్. తప్పు అనడానికి ఏం చూడాలో మేడమ్ చెప్పినట్టు ముందే రాసిపెట్టాం: పదిమందిలో కనీసం ఆరుగురు "మర్చిపోయాను" అనకపోతే ఊహ తప్పు.

తొమ్మిది మందితో మాట్లాడాం. మర్చిపోయాను అన్నది ఒక్కరు. ఇంక పదో మనిషి ఏం చెప్పినా లాభం లేదు. మిగతా ఎనిమిది మందికీ వ్యాయామం గుర్తుంది, కావాలనే మానేస్తున్నారు. ఒకాయన మాట నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: "వంచితే నొప్పేస్తుందమ్మా. అది మంచి నొప్పో చెడ్డ నొప్పో నాకెట్లా తెలుస్తుంది? చెడగొట్టుకోవడం ఎందుకని కూర్చుంటా."

క్లాసులో చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు కాసేపు. యాప్ పోయింది. లోగో అయితే మేమూ చేసేశాం, చివరిబెంచీ అన్నా, క్షమించు.

బోధనలో_పన్నెండేళ్ళు | శనివారం, రాత్రి 7:30

తొమ్మిది మందిలో ఎవరైనా ఆ అనుమానం తీర్చుకోవడానికి ఏదైనా చేస్తున్నారా? ఏమీ చేయకుండా బాధపడేవాళ్ళ కంటే, అతుకులబొంతలా ఏదో ఒకటి చేసుకుంటున్నవాళ్ళు మీకు ముఖ్యం.

మూడోసెమ్_అయోమయం | శనివారం, రాత్రి 7:52

ఇద్దరున్నారు మేడమ్. కాలు వంచుతూ ఫోన్‌లో వీడియో తీయించుకుని వాళ్ళ ఫిజియోథెరపిస్ట్‌కి వాట్సాప్‌లో పంపుతున్నారు. ఆవిడ రాత్రి క్లినిక్ మూశాక కూర్చుని చూసి, "సరిగ్గానే ఉంది, కానివ్వండి" అని వాయిస్ మెసేజ్ పెడుతుందట. ఇద్దరికీ ఫిజియో ఒకరే.

ఆర్అండ్‌డీ_అక్క | శనివారం, రాత్రి 8:03

ఆవిడకి రోజుకి అలాంటి వీడియోలు ఎన్ని వస్తాయి? దానికి ఫీజు తీసుకుంటోందా?

మూడోసెమ్_అయోమయం | శనివారం, రాత్రి 8:05

అడగలేదక్కా. నంబరు తీసుకున్నాను. సోమవారం క్లినిక్ మూసే టైమ్‌కి వెళ్తా.